కు-విభక్తి, క్రియా సమన్వయం: పాతబస్తీ దక్కనీ, తెలుగు

వాక్యంలో కి, కు చేర్చుకొని వచ్చే నామం (నాకు, నీకు, మేరేకు) క్రియ రూపాన్ని మార్చగలదా అన్నది ఈ వ్యాసవిషయం. తెలుగులోనూ హైదరాబాదు దక్కనీలోనూ అది మార్చదు. స్పెయిన్, ఫ్రాన్సుల సరిహద్దులోని బాస్క్ భాషలో మారుస్తుంది. ఇంజన్‌బౌలి, ఫలక్‌నుమాల పక్కనున్న జహనుమా వంటి పేటల్లో తెలుగు, దక్కనీ రెండూ ఒకే దుకాణం ముందు వినిపిస్తాయి కాబట్టి ఉదాహరణలన్నీ దాదాపు అలాంటి వాడుకలోవే.

తెలుగు క్రియ ప్రథమావిభక్తిలో ఉన్న నామంతోనే పొత్తు కుదుర్చుకుంటుంది. 'నేను నీకు పైసలిచ్చిన' అన్నప్పుడు 'నీకు' తీసేసి 'వాళ్లకు' పెట్టినా క్రియ కదలదు. అనుభవం చెప్పే వాక్యాల్లో ఇది ఇంకా స్పష్టం. 'నాకు జరమొచ్చింది' అంటే బాధ నాది, క్రియ మాత్రం జ్వరానిది. 'నాకు నువ్వు నచ్చినవ్', 'నాకు ఇద్దరు బిడ్డలున్నరు' అన్నప్పుడూ అంతే. తెలుసు, వచ్చు, కావాలె, వద్దు అనే మాటలైతే ఎవరి విషయంలోనూ మారవు.

అలాగని 'నాకు' కర్త కాకుండా పోదు. 'అది చూసి నాకు కోపమొచ్చింది' అన్న వాక్యంలో చూసింది నేనే, కోపం కాదు. 'రాములుకు తన మీద తనకే కోపమొచ్చింది'లో 'తన' రాములునే పట్టుకుంటుంది. క్రియతో పొత్తు లేకపోయినా కర్త లక్షణాలు ఉండటం వల్లే దీన్ని సంప్రదాన కర్త అంటున్నారు. భాషావేత్త కాలిన్ మాసికా 1976లో దీన్ని దక్షిణాసియా భాషలన్నిటినీ కలిపే లక్షణాల్లో ఒకటిగా చూపాడు. పేరి భాస్కరరావు, కె.వి. సుబ్బారావుల సంపాదకత్వంలో 2004లో వచ్చిన సంపుటాలు ఈ విషయంపై విస్తృతమైన ఆకరాలు. మన బడి వ్యాకరణాలు మాత్రం దీన్ని పట్టించుకోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (సాధారణంగా 1858 అంటారు) కిన్, కున్‌లను షష్ఠిలో పెట్టి, చతుర్థికి కొఱకున్, కై ఇచ్చింది. విభక్తుల పట్టిక కంఠస్థం చేసిన పిల్లవాడికి 'నాకు ఆకలి'లోని 'కు' ఏం చేస్తోందో దానివల్ల తెలియదు.

దక్కనీ వాక్యాలు తెలుగు పక్కన పెడితే మాటకు మాట సరిపోతాయి. 'మేరేకు చాయ్ హోనా' అంటే 'నాకు చాయ్ కావాలె'. 'మేరేకు మాలూమ్ నై' అంటే 'నాకు తెల్వది'. 'మేరేకు నక్కో' అంటే 'నాకు వద్దు' (ఈ నక్కో మరాఠీ నుంచి వచ్చినది). మగవాడైనా 'మేరేకు భూక్ లగీ' అనే అంటాడు, ఎందుకంటే స్త్రీలింగం భూక్‌ది. సకర్మక క్రియల భూతకాలంలో దక్కనీ తెలుగుకు ఇంకా దగ్గరగా జరిగింది. ప్రామాణిక ఉర్దూలో 'మైఁనే రోటీ ఖాయీ' అన్నప్పుడు క్రియ రొట్టెను అనుసరిస్తుంది. దక్కనీలో 'నే' చాలావరకు పోయి, 'మైఁ రోటీ ఖాయా' అని క్రియ తిన్నవాణ్ణి అనుసరిస్తుంది. హర్బీర్ అరోరా, సుబ్బారావు 1980ల నుంచి చూపుతూ వచ్చిన సమ్మేళనం ఈ కోవదే.

దక్కనీ 'కు' తెలుగు నుంచి వచ్చిందని వాడుకలో ఒక మాట ఉంది. పోలిక చూస్తే నమ్మాలనిపిస్తుంది. అయితే పాత దక్కనీ రాతల్లో ఈ ప్రత్యయం అనునాసికంతో 'కూఁ' అని కనిపిస్తుంది. వలీ దక్కనీ (మరణం 1707 అని ఎక్కువమంది, ఇంకా తర్వాత అని కొందరు) గజళ్లలోనూ ఇదే రూపం. తెలుగు 'కు'కు అనునాసికం లేదు. దాని మూలం మూలద్రావిడంలోనే ఉంది. కాబట్టి ఉత్తరాది 'కో'కు తోబుట్టువైన రూపమే ఇక్కడి తెలుగు వల్ల బలపడి నిలిచిందనడం మేలనిపిస్తుంది.

పోలిక చెడేది కర్మ దగ్గర. దక్కనీలో 'మేరేకు మారా' అంటే 'నన్ను కొట్టిండు'. తెలుగులో ద్వితీయకు 'ను', సంప్రదానానికి 'కు' వేరువేరు. దక్కనీకి రెండూ ఒకటే. దక్కనీ మాట్లాడేవాళ్ల తెలుగులో 'నాకు కొట్టిండు' అనే పొరపాటు ఇక్కడే పుడుతుంది.

ఇక 'కు' నామం క్రియను మార్చే బాస్క్ సంగతి. అందులో 'నేను నీకు పుస్తకం ఇచ్చాను' అనడానికి 'లిబురువా ఎమన్ దిసుత్' అంటారు. దిసుత్‌లో 'సు' అంటే నీకు, చివరి 'త్' నేను. 'నువ్వు నాకు' అయితే దిదాసు. పుస్తకాలు చాలా అయితే దిస్కిసుత్. 'నాకు నచ్చుతుంది' అనేచోట సహాయక్రియ సైత్, 'నీకు' అయితే సైసు. ఫ్రాన్సు వైపు మాండలికాల్లో కొన్నిచోట్ల క్రియలోని ఈ సంప్రదాన గుర్తును వదిలేయడమూ ఉంది.

మన దేశంలో ఈ బాస్క్ పద్ధతికి దగ్గరగా వచ్చే భాషల్లో మైథిలి ఒకటి. అందులో క్రియ సంప్రదాన నామాన్నీ గుర్తిస్తుంది. ద్రావిడ కుటుంబంలో కుయి, కువి, పెంగో భాషల్లో క్రియాఫలం నాకో నీకో చేరితే ధాతువుకు ఒక ప్రత్యయం తోడవుతుంది. మలయాళంలో ఇవ్వడానికి రెండు క్రియలున్నాయి: నాకు, నీకు అయితే తరుక, మూడోవాడికైతే కొడుక్కుక. తెలుగు ఆ దారిలో లేదు.

తెలంగాణలో 2018 చట్టంతో పాఠశాలల్లో తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు 'ను', 'కు'ల భేదం పరీక్షల్లోనూ ఎదురవుతుంది. వాళ్లకు 'కు' కొత్తగా నేర్పే పని లేదు, ముందుగా నేర్పాల్సింది 'ను'.