మంజీర తీరమున బర్మారు తుపాకి

కోటగిరి మొదలు బోధను వరకు నేడు కాలువనీటితో వరి పండుచున్న నల్లరేగడి నేల, మంజీరానదిపై నిజాంసాగరము నిర్మింపబడుటకు పూర్వము అధికభాగము వానచినుకును నమ్ముకొన్న మెట్టభూమి. అట్టి చేల యంచులయందు జింక అనునది కవివర్ణనకు తగిన సుకుమార మృగము మాత్రమే కాదు. కాపువానికి అది మొలకపైరును రాత్రికి రాత్రియే మేసిపోవు ఉపద్రవము, వేటగానికి ఇంటిల్లిపాదికి సరిపడు మాంసము. ఈ రెండు అవసరముల నడుమ పల్లెయందు స్థానము సంపాదించుకొన్న ఆయుధము బర్మారు తుపాకి. మూతినుండి మందుపోసి, పీచుతో బిగించి, రవ్వలనో గుండునో దట్టించి కాల్చు ఈ సాధనమును గూర్చి మన చరిత్రరచనలో కనబడునది స్వల్పము. గోలకొండ ఫిరంగులకు లభించిన గౌరవములో శతాంశమైనను కాపు ఇంటి దూలమునకు వ్రేలాడిన తుపాకికి లభింపకపోవుట న్యాయము కాదని నా తలంపు.

ఇందూరు (నిజామాబాదు) సీమకు లోహవిద్య క్రొత్తది కాదు. ఈ జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కు దేశాంతరములకు పోయెను. లాంబ్టన్ దొర నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయ్సీ ఆ కొలుములను స్వయముగా దర్శించి వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటితమయ్యెను. ఇస్పహాను నుండి వచ్చి ఆ ఉక్కును కొనుచున్న పారశీక వర్తకుని ప్రసక్తియు అందు కలదు. అయితే ఖడ్గమునకు కీర్తి తెచ్చిన ఆ ఉక్కే తుపాకి గొట్టమునకును శ్రేష్ఠమని భావించుట పొరపాటు. కత్తి వాదరకు కాఠిన్యము కావలెను. గొట్టమునకో, మందు ప్రేలినప్పుడు పగులక ఓర్చుకొను మెత్తదనము కావలెను. కావుననే పాతకాలపు పనివారు మెత్తని ఇనుప పట్టీలను కడ్డీపై సర్పిలముగా చుట్టి, కాల్చి, సుత్తెపోట్లతో అతికి గొట్టములు చేయుచుండిరి.

నిప్పు అంటించు విధానము మూడు దశలను గడచినది. మొదటిది వత్తి తుపాకి. కోటబురుజుపై నిలిచిన సిపాయికి అది చాలును గాని, మండు వత్తియొక్క వాసన గాలివాటున పోయి మృగమును హెచ్చరించును గనుక వేటగానికి అది చిక్కే. రెండవది చకుముకి తుపాకి. నిజాము కొలువున ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నడిపి 1798లో మరణించునాటికి సైన్యములయందు చెల్లుచుండినది ఇదియే. ఇందు రంజకము భగ్గుమని వెలిగినదానికిని గుండు వెలువడుటకును నడుమ ఒక్క లిప్తకాలము గడచును; ఆ లిప్తలోనే జింక ఎగిరి దూకును. 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బకు ప్రేలు రసాయనముతో మందు నంటించు పద్ధతికి పేటెంటు పొందిన పిదప, కొలది యేండ్లలోనే రాగి టోపీ వచ్చినది. ఆ ఆలస్యము తగ్గినది. వానకాలమున రంజకము తడియునను బెంగ చాలవరకు తీరినది. పల్లెలలో చిరకాలము నిలిచిన బర్మారు ఈ టోపీ తుపాకియే.

ఇక, తొలిసారి బర్మారు కొనువాడు ఏమి చూడవలెను? ఇందులోనే ఒక శాస్త్రము ఇమిడియున్నది. మడమమీది ఇత్తడి పూవులను చూచి మురియువాడు మోసపోవును; వస్తువంతయు గొట్టములోనే ఉన్నది. దట్టించు కడ్డీని ఖాళీ గొట్టములోనికి జారవిడిచినచో అది అడుగును తాకి కంచువలె ఖంగున మ్రోగవలెను. మ్రోత మందముగా నున్నచో లోపల త్రుప్పో, మరచిపోయిన పాతమందో ఉన్నదని అర్థము. కడ్డీని వెలుపల గొట్టము ప్రక్కను పెట్టి కొలిచి, లోపలికి ఎంతవరకు దిగుచున్నదో పోల్చిచూచుట మరియొక పరీక్ష. టోపీ పెట్టు మొలక అరిగిపోరాదు; దానిని కొట్టు సుత్తి సగము ఎత్తినచోట స్థిరముగా నిలువవలెను, లేనిచో నడుచుచుండగనే ప్రేలును. పొడవైన గొట్టమునకు గురి నిలకడ ఎక్కువయే గాని తుప్పలలో దూరి నడుచువానికి అది భారము. తన భుజమునకు ఎత్తిన వెంటనే మెడ వంచనక్కరలేక కంటికి గురి అందు తుపాకియే తనది. లోపల గాడులు లేని నున్నని గొట్టము గనుక యాభై గజములు మించిన దూరమున దానిని నమ్ముట అవివేకము. గాయపడి పారిపోయిన మృగము పొదలో చచ్చుట వేటగానికి పాపము మాత్రమే గాక అపకీర్తి.

మందు పాళ్లు సుమారుగా నూటికి 75 వంతులు సురేకారము, 15 బొగ్గు, 10 గంధకము. పాటిమన్ను కడిగి కాచిన సురేకారము, జిల్లేడు లేక కందికట్టె వంటి తేలిక బొగ్గు చేరువనే లభించెడివి. గంధకము మాత్రము అంగడినుండి రావలెను. పేలిన మందుయొక్క మష్టు తేమను పీల్చి ఒక్క రాత్రిలో గొట్టమును తినివేయును. కాల్చిన నాడే వేడినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టింపవలెను. తుపాకి ఎన్నిక ఒక్కనాటి పని. దాని పోషణమో నిత్యవ్రతము.

1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణము ఈ భూమి రూపునే మార్చివేసెను. 1937లో బోధను చక్కెర ఫ్యాక్టరీ వెలసిన పిమ్మట మెట్టలు చెఱకుతోటలయ్యెను. జింకకు మేతబీడు తరుగగా, దట్టమైన చెఱకు అడవిపందికి నెలవయ్యెను. ఆ విధముగా బర్మారు వేటకంటె పంటకాపుకే అధికముగా నిలిచినది. నలుబదులలో తెలంగాణ సాయుధపోరాటమున వడిసెలతోపాటు ఇదియే పేదల చేతి ఆయుధమయ్యెననుట అందరెరిగినదే. స్వతంత్ర భారతమున 1959 నాటి ఆయుధచట్టము, పంట కాపాడుకొనుటకు నిజముగా అవసరపడు మూతిమందు తుపాకికి లైసెన్సు ఇచ్చు విషయమును ప్రత్యేకముగా పేర్కొనుట, ఆ సాధనముయొక్క సేద్యసంబంధమునకు శాసనము పలికిన సాక్ష్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ, జింకవేటకు ద్వారము మూసివేసినవి. అది న్యాయమే. బీళ్లును తుప్పలును పొలములైన దేశమున మిగిలిన మృగములపై గురిపెట్టు హక్కు ఎవ్వరికిని లేదు. 2014లో తెలంగాణ రాష్ట్రము జింకనే తన రాష్ట్రజంతువుగా స్వీకరించినది.

కాని వేట ముగిసినదని ఆ విద్యయొక్క చరిత్ర కూడ ముగియనక్కరలేదు. కోటగిరి, బాన్సువాడ, బోధను ప్రాంతములలో ఏ ఇంటి అటకపైననైనను తాతలనాటి బర్మారు బయటపడినచో, దానిని పాత ఇనుప సామానువానికి తూచి అమ్మవద్దని నా విన్నపము. లైసెన్సు లేకుండ దాచుట నేరము. సమీప పోలీసుఠాణాకు కబురుపెట్టి, పురావస్తు ప్రదర్శనశాలకు చేర్పించుమని అర్జీ వ్రాయుడు. దానిని చేపట్టిన పెద్దలు సజీవులై యున్నచో వారి మాటలను కాగితముపై ఎక్కించుడు. అన్నిటికంటె ముఖ్యము, పొడిగా నున్న తుపాకిమందు దశాబ్దములు గడచినను ప్రేలును. కావున ఎంత పాత తుపాకియైనను అది నిండియున్నదనియే తలచి, మూతిని ఎవరివైపును త్రిప్పక, తెలిసినవారు వచ్చి చూచువరకు దానిని తాకకుడు.