దీంట్లో తెలుగు వస్తుందా? షట్టరు పెట్టె నుంచి 32 అంగుళాల దాకా

మా కోలారు జిల్లా తెలుగు ఇళ్లల్లో టీవీ కొనేటప్పుడు పెద్దవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "దీంట్లో తెలుగు వస్తుందా?" అంగడివాళ్లు నవ్వుతారు. భాష వచ్చేది కేబుల్ నుంచి, టీవీ నుంచి కాదు కదా అంటారు. కానీ నలభై ఏళ్ల చరిత్ర తీసి చూస్తే ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. మనం ఏ పెట్టె కొన్నామో దాన్ని బట్టే ఇంట్లోకి ఎంత తెలుగు వచ్చిందో తేలింది. ఈమధ్య బంధువుల్లో చాలామంది "తక్కువ ధరలో ఓ మాదిరి సైజు హెచ్‌డీ టీవీ ఏది తీసుకోవాలి" అని అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే ఆ చరిత్ర నుంచే మొదలుపెట్టాలి.

చెవికి తెలుగు, కంటికి కన్నడ

ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి వైపు ఇళ్లల్లో మాట తెలుగు, బడి కన్నడం. కైవారం తాతయ్య తెలుగు పదాలను కూడా కన్నడ లిపిలో అచ్చువేసుకుని పాడుకునే ఊళ్లు మావి. నేనూ కన్నడ మీడియంలోనే చదివాను. మా తరంలో చాలామందికి తెలుగు పుస్తకం నుంచి రాలేదు. అవ్వ నోటి నుంచి, టూరింగ్ టాకీసు నుంచి, రేడియో నుంచి, ఆ తరువాత టీవీ నుంచి వచ్చింది. అందుకే మాకు టీవీ ఒట్టి కాలక్షేపం సామాను కాదు.

తెలుగు రాని టీవీ కాలం

దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. మన వైపు పల్లెలు దాన్ని చూసింది 1975-76లో, ఉపగ్రహం ద్వారా పాఠాలు చూపించిన 'సైట్' ప్రయోగంలో. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు ఊరుమ్మడి టీవీలు ఇచ్చారు. కోళ్లగూటి తీగవల లాంటి జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నాలు పెట్టారు. హిందీ, ఒడియాలతో పాటు తెలుగు, కన్నడాల్లో కూడా కార్యక్రమాలు వచ్చాయి. కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు, గుల్బర్గా జిల్లాల ఊళ్లు అందులో ఉన్నాయి. కోలారు లేదు.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది, బెంగళూరులో 1981లో. 1982 ఆగస్టు 15న జాతీయ ప్రసారాలు, రంగుల టీవీ రెండూ కలిసి వచ్చాయి. 1984 ప్రాంతంలో ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టడంతో మధ్యతరగతి ఇళ్లల్లోకి బ్లాక్ అండ్ వైట్ టీవీ దిగింది. అప్పటి పెట్టెలు మీకు గుర్తుండే ఉంటాయి: చెక్క క్యాబినెట్, ముందు పక్కలకు జరిగే షట్టరు, టక్ టక్ అని తిప్పే గుండీ. డయనోరా, సాలిడేర్ మద్రాసువి. ఈసీ టీవీ హైదరాబాదులోని ఈసీఐఎల్‌ది. బీపీఎల్, ఒనిడా కూడా ఉండేవి. 20 అంగుళాలంటే పెద్దది, 14 అంగుళాలంటే చిన్నది. మధ్యలో ఎంచుకోవడానికి పెద్దగా ఉండేది కాదు. పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టే పద్ధతి కూడా 1980ల మధ్య దాకా ఉండింది.

ఆ పెట్టెలో మాకు వచ్చింది కన్నడం, హిందీ, ఇంగ్లీషు. తెలుగు కావాలంటే చిత్రమాలలో రకరకాల భాషల పాటల నడుమ ఎప్పుడో వచ్చే ఒక పాట. లేదంటే ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాల వంతులో ఏ నెలకో తగిలే తెలుగు సినిమా. తెలుగు వచ్చే వారం వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చునేది. 1987లో రామాయణం మొదలయ్యాక టీవీలు పెరిగాయి. ఆ రాముడు మాట్లాడింది మాత్రం హిందీ.

పన్నెండు అంకెల గుండీ

1994లో ఉదయ టీవీ, 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టులో ఈటీవీ వచ్చాయి. పెట్టె సంగతి అసలు తేలింది ఇక్కడే. పాత టీవీ గుండీ మీద 12 దాకా అంకెలు ఉండేవి. కేబుల్ వాళ్లు అంతకన్నా ఎక్కువ చానళ్లను ఆ అంకెల నడుమ, వాటికి పైన ఉన్న బ్యాండ్లలో పంపేవాళ్లు. ఆ బ్యాండ్లు పాత పెట్టెకు అందవు. కర్ణాటకలో మొదటి స్థానాలు కన్నడానికి, హిందీకి పోవడం సహజమే. తెలుగు చానల్ చివర్న ఎక్కడో ఉండేది. వీధిలో వైరు అదే, నెలకు కట్టే డబ్బూ అదే. ఒక ఇంట్లో ఈటీవీ వస్తుంది, పక్కింట్లో రాదు. రావాలంటే హైపర్‌బ్యాండ్ ట్యూనర్ ఉన్న పెట్టె కావాలి. 'దీంట్లో తెలుగు వస్తుందా' అన్న ప్రశ్న ఆ రోజుల్లో పుట్టినదే. అప్పుడు అది నూటికి నూరు పాళ్లు సరైన ప్రశ్న.

అలా 21 అంగుళాల రంగుల టీవీలు మా ఇళ్లల్లో చేరాయి. నాలాంటి పిల్లలు తెలుగు అక్షరాలు నేర్చుకున్నది సినిమా పేర్లు పడేటప్పుడు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు. కన్నడ తలకట్టు అడ్డగీతలా ఉంటే తెలుగు తలకట్టు మాస్టారు పెట్టే టిక్కులా ఉంటుంది. ఆ ఒక్క కిటుకు పట్టుకుంటే సగం అక్షరాలు వచ్చేసినట్టే. క, త, శ లాంటివి విడిగా నేర్చుకోవాలి. ప, వ, ష మధ్య తేడా చిన్న గీతలోనే ఉంటుంది. ఆ గీత పాత టీవీలో అలుక్కుపోయేది.

డబ్బా వచ్చాక

2013 మార్చి 31 గడువుతో బెంగళూరు, మైసూరు సహా 38 నగరాల్లో కేబుల్ డిజిటల్ అయింది. మిగతా ఊళ్ల వంతు తరువాత వచ్చింది. సెట్‌టాప్ బాక్సు రావడంతో ట్యూనర్ చింత పోయింది. 2019 ఫిబ్రవరి నుంచి చానళ్లను మనమే ఎంచుకోవాలన్నారు. అప్పటి లెక్కలో 100 చానళ్లకు 130 రూపాయలు, పైన పన్ను, డబ్బు చానళ్లకు వేరే ధర. ఒక హెచ్‌డీ చానల్‌ను రెండు మామూలు చానళ్లుగా లెక్కపెట్టేవారు. ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్లకు తెలుగు ప్యాకు దానంతట అదే వస్తుంది. మనకు వచ్చేది కన్నడ ప్యాకు, తెలుగు విడిగా అడిగి వేయించుకోవాలి. డబ్బులు కలిసొస్తాయని చాలా ఇళ్లల్లో తెలుగు చానళ్లను హెచ్‌డీలో కాకుండా మామూలు రకంలోనే పెట్టుకున్నారు. కాబట్టి ఇప్పుడు టీవీ ఎంపిక ఇక్కడి నుంచి మొదలవ్వాలి: మీ ఇంటికి తెలుగు ఏ దారిన వస్తోంది?

అడుగుల లెక్క

మామూలు చానల్ బొమ్మలో నిలువుగా 576 గీతలు ఉంటాయి. హెచ్‌డీ రెడీ అని అమ్మే 32 అంగుళాల టీవీలో సాధారణంగా 768 ఉంటాయి, ఫుల్ హెచ్‌డీలో 1080. ఆరోగ్యంగా ఉన్న కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా చిన్న వివరం విడిగా కనబడదు. దీన్ని పట్టుకుని లెక్కవేశాను. 32 అంగుళాల తెర ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. మామూలు చానల్ అందులో సుమారు 8 అడుగుల దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది. అదే చానల్ 43 అంగుళాల తెర మీద నున్నగా కనిపించాలంటే పదిన్నర అడుగులు వెనక్కి జరగాలి. మన పాత ఇళ్లల్లో హాలులో గోడ నుంచి మంచం దాకా అంత జాగా ఎక్కడుంది?

అందువల్ల తెలుగు మామూలు చానళ్లలోనే వస్తూ, కూర్చునే దూరం 8 అడుగులుంటే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ చాలు. 6 అడుగులు దాటితే ఆ సైజులో ఫుల్ హెచ్‌డీకి, దీనికి తేడా కన్ను పట్టలేదు. తెలుగు హెచ్‌డీ ప్యాకు ఉంటే, లేదా ఇంటర్నెట్ మీద ఆహా, ఈటీవీ విన్ లాంటివి చూసే ఇల్లయితే 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి పెట్టిన డబ్బు వృథా కాదు. ధర వైపు నుంచి ఒక మాట: 2019 జనవరి 1న 32 అంగుళాల దాకా ఉన్న టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెద్దవాటికి ఆ తగ్గింపు 2025 సెప్టెంబరు 22న గానీ రాలేదు. ఇన్నేళ్లూ 32 అంగుళాలు చవకగా దొరకడానికి అదీ ఒక కారణం. ఇప్పుడు పన్నులో తేడా లేదు కాబట్టి సైజును మన హాలును బట్టి చూసుకోవచ్చు.

అంగడిలో చూడాల్సినవి

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. వాళ్లు చూపించే బొమ్మతో పరీక్ష పెట్టకూడదని మా పనిలో మొదట నేర్పుతారు. అంగడిలో ఆడేది పూలు, చేపలు, జలపాతాలు. వాటిలో ఏ టీవీ అయినా బాగుంటుంది. ఒక మామూలు తెలుగు వార్తా చానల్ పెట్టమనండి. మీరు ఇంట్లో కూర్చునేంత దూరం వెనక్కి నడిచి, కింద పరిగెత్తే అక్షరాల్లో ప ఏదో వ ఏదో తెలుస్తోందా చూడండి.

తరువాత శబ్దం. చెక్క పెట్టెల్లో స్పీకరు మన ముఖం వైపు ఉండేది. ఇప్పటి పలచటి టీవీల్లో చాలావాటికి కిందకో వెనక్కో ఉంటుంది, గోడకు తగిలిస్తే మాట ముద్దగా వస్తుంది. పాట కాదు, సంభాషణ పెట్టి వినండి. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు ఉంటే హెడ్‌ఫోను గానీ విడి స్పీకరు గానీ తగిలించే వీలుందా అడగండి.

మూడోది బొమ్మ ఆకారం. మాయాబజార్ (1957) లాంటి పాత సినిమాలు 4:3 కొలతలో తీసినవి. 32 అంగుళాల తెర మీద ఆ బొమ్మ దాని కొలతలో 26 అంగుళాలంతే వస్తుంది, రెండు పక్కలా నల్లటి పట్టీలు ఉంటాయి. జాగా వృథా అని సాగదీస్తే ఎస్వీ రంగారావు ఇంకో మనిషంత వెడల్పు అవుతాడు. రిమోటులో ఆ కొలత మార్చుకునే బటన్ సులభంగా దొరకాలి.

చివరగా, కొన్న రోజే కేబుల్ ఆయనకు ఫోన్ చేసి తెలుగు ప్యాకు వేయించండి. చానల్ నంబర్లు పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి అవ్వ మంచం దగ్గర పెట్టండి. కన్నడంలో ఒక వరుస, పక్కనే తెలుగులో ఇంకో వరుస రాస్తే, బడికి పోయే పిల్లలు కూడా చదువుతారు.