ఇరవై నిమిషాల అన్నం

"పదీ యాభైకి అన్నమేంటే? పొద్దున తిన్న ఇడ్లీ ఇంకా గొంతులోనే ఉంటుంది దానికి" అంటోంది అమ్మ.

ఫోన్‌లో 20 నిమిషాలకి టైమర్ పెట్టాను. డైనింగ్ టేబుల్ దగ్గర బుజ్జి, బుజ్జి ముందు కొత్త లంచ్ బాక్సు. నేలకి అందని కాళ్లు కుర్చీ కింద ఊగుతున్నాయి. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఫ్రిస్కోలో జులై నెలాఖరంటే మన రోహిణీ కార్తే. ఈపాటికే కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టనివ్వడం లేదు. ఇంకో రెండు వారాల్లో బడి. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్‌లో తీసుకుంటారు. బుజ్జికి ఆగస్టు 27న నిండుతాయి. అలా గట్టెక్కింది గానీ, బడిలో అడుగుపెట్టే రోజుకి ఇంకా నాలుగేళ్ల పిల్లే.

బడిలో కెఫెటీరియా ఒక్కటే, తరగతులేమో చాలా. అందుకే వంతులు. చిన్నవాళ్ల వంతు ఇంత పెందలాడే వస్తుందని ముందు చదివిన పిల్లల తల్లులు చెప్పారు. ఆ కాసేపట్లోనే మూత తియ్యాలి, తినాలి, మళ్లీ సర్దుకోవాలి. ఎవరూ తినిపించరు.

అమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అది నేను పెట్టిన షరతు.

బుజ్జి మూత పట్టుకుని తిప్పుతోంది. రావడం లేదు. వేడి అన్నం పెట్టి బిగిస్తే ఆవిరికి మూత పట్టేస్తుంది, అలాంటివి నాకే ఒక్కోసారి రావు. నిన్న ఈ ఫ్లాస్కు డబ్బా కొనడమే నా పొరపాటు. రెండు నిమిషాలు. అమ్మమ్మ వైపు చూసింది. అమ్మ మోచెయ్యి కదిలింది, నేను కళ్లెర్రజేశాను. మూడు నిమిషాలు. గౌను అంచుతో పట్టుకుని బలమంతా పెట్టి తిప్పింది. టప్‌మని వచ్చింది. అమ్మ ముఖం చూడాలి, మనవరాలు కలెక్టరు పరీక్ష నెగ్గినట్టు.

పప్పన్నం చెంచాలోంచి సగం గడ్డం మీదికి, సగం నోట్లోకి వెళుతోంది. నిన్నటిదాకా పెరట్లో కుందేళ్లని చూపిస్తూ ముద్దలు పెట్టిన ఇల్లే ఇది. ఒక్క పూట అన్నానికి ముప్పావుగంట పట్టేది. ఎవరికీ తొందర ఉండేది కాదు.

"అమ్మా, ఉచ్చొస్తోంది."

నేను పలకలేదు. ఇప్పుడు నేను అమ్మని కాదు, మిస్‌ని. అన్నం ముందు పెట్టేటప్పుడే చెప్పాను.

"అమ్మా! ఉచ్చ!"

తెలుగు రానిదాన్లా తల పక్కకి వంచి చూస్తున్నాను. బుజ్జి ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత భయం. కింది పెదవి వంకర తిరిగింది.

"అర్థం కానట్టు నటిస్తావేమే, తల్లివై ఉండి!" అమ్మ చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చేశాయి.

బుజ్జి చెంచా పక్కన పెట్టింది. చెయ్యి పైకెత్తింది. "మిస్... రెస్ట్‌రూమ్... ప్లీజ్."

పరిగెత్తింది. నేనూ వెనకాలే పరిగెత్తాను. అక్కడ నేను మళ్లీ అమ్మనైపోయాను, గౌను బొత్తాం ఒకటి ఇరుక్కుంటే. బొత్తాల గౌన్లు బడికి వెయ్యకూడదు, నడుముకి ఎలాస్టిక్ ఉన్నవే వెయ్యాలి. ఇంకోటి గుర్తుపెట్టుకున్నాను.

రెండోది వచ్చినప్పటి సంగతి మాత్రం రాయక తప్పదు. బడిలో కాగితమే. నీళ్లతో కడిగే అలవాటున్న పిల్లకి కాగితం నేర్పడం ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు నేను. కుర్చీ వెనక రెండు బెలూన్లు పక్కపక్కన కట్టి, మధ్యలో పీనట్ బటర్ పూసి తుడిపించమని ఒక స్నేహితురాలు చెప్పింది. మొన్న అదే చేశాం. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. "బడిలో ఒక చెంబు పెట్టుకోలేరా వీళ్లు?" అని మాత్రం అంది.

ఏబీసీడీలు, అంకెలు బుజ్జికి ఎప్పుడో వచ్చేశాయి. వాటి గురించి నాకు చింత లేదు. పెన్సిలు మాత్రం పిడికిట్లో పట్టుకునేది. దాన్ని సరిచేసింది నేను కాదు, అమ్మే. పొద్దున్నే ఎండ రాకముందు డ్రైవ్‌వే మీద రంగు చాక్‌పీసులతో చుక్కలు పెట్టి కలపమంటుంది. మూడు వేళ్లతో పట్టకపోతే గీత చుక్క దగ్గరికి వెళ్లదు. అయిదు చుక్కల ముగ్గులో రెండు గీతలు పక్కింటివాళ్ల గడ్డిలోకి పోయాయి ఇవాళ.

మధ్యాహ్నం బుజ్జి పడుకున్నాక బడి దరఖాస్తు కోసం లాప్‌టాప్ తెరిచాను. ఇంటి చిరునామా రుజువుకి కరెంటు బిల్లు, టీకాల కాగితం ఎక్కించాను. పోలియో 4, ఎమ్మెమ్మార్ 2, డీటాప్ 5 పడ్డాయి. తర్వాత పేజీలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్ల ఏ భాష మాట్లాడుతుంది అని ఉంది. 'ఇంగ్లీషు అని రాసెయ్, లేకపోతే ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లీషు రానివాళ్ల క్లాసులో, పడేస్తారు' అని వాట్సాప్‌లో ముగ్గురు హెచ్చరించారు. వేరే భాష రాస్తే పిల్లకి ఇంగ్లీషు ఎంత వచ్చో చూడటానికి బడివాళ్లు ఒక పరీక్ష పెడతారు, కిండర్‌గార్టెన్‌లో వినడం, మాట్లాడటం వరకే. సాయం కావాలని తేలినా మన సమ్మతి లేకుండా చేర్చరు. పొద్దున అన్నం ముందు వణికిన ఆ పెదవి గుర్తొచ్చింది. అలాంటప్పుడు ఈ పిల్ల ఏ భాషలో అడుగుతుందో ఆ టీచరుకి తెలిసుండటమే మంచిది.

తెలుగు అని రాశాను. రెండు గళ్లలోనూ.

రాత్రి ఎనిమిది. బయట ఇంకా వెలుతురుంది, ఇక్కడ ఎండాకాలం పొద్దు ఒక పట్టాన పోదు. అమ్మ పెరుగన్నం కలుపుతోంది. బుజ్జి కుర్చీ ఎక్కి నన్నే చూస్తోంది, అనుమానంగా.

"ఇప్పుడు నువ్వు మిస్‌వా, అమ్మవా?"

"అమ్మనే."

ఫోన్ వైపు చూసింది. టైమర్ లేదు.

"అయితే పెట్టు" అని నోరు తెరిచింది.