మెట్ట పల్లెల్లో చుట్ట అలవాటు
పోర్చుగీసులు తెచ్చిన పొగాకు 1617లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ నిషేధించినా ఆగలేదు. ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలో, జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో, మిరప, పత్తితో పాటు అదీ పొలం పంటే అయింది. ఆకు ఇంట్లోనే ఉన్నచోట అలవాటుకు వేరే ప్రచారం అక్కర్లేదు. తాత చుట్టకు నిప్పు తెచ్చిచ్చే పిల్లవాడికి పొగ పెద్దరికంగా తోస్తుంది. ఈడువాళ్ల ముందు తీసిపోకూడదన్న పంతం మొదటి దమ్ము పీల్పిస్తుంది.

ఆపైన పని నికోటిన్‌ది. క్షణాల్లో మెదడుకు చేరి డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. నికోటిన్ మోతాదు తగ్గగానే చిరాకు పుడుతుంది, మళ్లీ వెలిగిస్తే సద్దుమణుగుతుంది. ఆ ఉపశమనాన్నే మనిషి ప్రశాంతత అనుకుంటాడు. నిజానికి ఆ చిరాకు చాలావరకు పొగాకు పెట్టిందే. అరక విప్పగానే, అన్నం తినగానే, సగం కాల్చి తలపాగాలో దోపుకున్న చుట్ట కోసం చెయ్యి తనంతట తానే వెళ్తుంది. మానడం అందుకే కష్టం, మనసు బలహీనమై కాదు.

మానదలచినవారికి 1800-112-356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.