చదువరి పూచీ

ప్రాచీన గ్రంథానికి కాలమే సాక్షి. కాళిదాసును చదువుమని చెప్పేవానికి విశేషమైన ధైర్యమేమీ అక్కరలేదు. శతాబ్దాల రసజ్ఞులు అతని వెనుక నిలిచి ఉన్నారు. నిన్న మొన్న వెలువడిన నవలను మరొకరి చేతిలో పెట్టేవాని సంగతి వేరు. ఆ గ్రంథానికి అతడొక్కడే పూచీ. గ్రంథం తేలిపోయినచో దానితోపాటు అతని అభిరుచిమీది నమ్మకమూ తేలిపోతుంది. ఆధునిక భారతీయ నవల చాలవరకు ఇటువంటి పూచీలవల్లనే పాఠకులను చేరినది. వంగదేశంలో శరచ్చంద్ర చటోపాధ్యాయుని చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

1876లో జన్మించిన శరచ్చంద్రునికి తొలి పాఠకులు భాగల్పురంలోని కొద్దిమంది యువకులు. వారు నడిపిన ‘ఛాయ’ వ్రాతపత్రిక, అచ్చు మొగమెరుగదు. చిన్ననాటనే భర్తను కోల్పోయిన నిరుపమాదేవికి ఆ గోష్ఠిలో కూర్చుండే వీలు లేకపోయినది. సోదరుడు విభూతిభూషణ భట్టు ద్వారా ఆమెకు వ్రాతప్రతులు అందేవి. తరువాతి కాలంలో ఆమెయు ప్రసిద్ధ నవలాకర్త్రి అయినది. 1903లో శరచ్చంద్రుడు బ్రతుకుతెరువు వెదకుకొంటూ రంగూనుకు వెళ్ళి, కొంతకాలానికి ప్రభుత్వ లెక్కల కార్యాలయంలో గుమాస్తాగా కుదురుకొన్నాడు. వ్రాతప్రతులు మాత్రం స్వదేశంలో ఆప్తులకడనే మిగిలిపోయినవి.

ఆ మిత్రులలో ఒకడైన సౌరీంద్రమోహన ముఖోపాధ్యాయుడు, 1907లో, రచయితకు తెలియకుండగనే ‘బడదీదీ’ని ‘భారతి’ పత్రికలో ప్రకటింపజేసినాడు. 1877లో ఠాకూరు కుటుంబం స్థాపించిన పత్రిక అది. ఇల్లుపట్టని స్వభావంగల ఒక యువకుని పట్ల, అతడు చదువు చెప్పే ఇంటి ఆడపడుచు, వితంతువైన మాధవికి కలిగిన మూగ అనురాగం ఆ కథకు విషయం. మొదటి భాగాలలో రచయిత పేరు లేదు. ఇంతటి రచన రవీంద్రుడు తప్ప ఎవరు చేయగలరని పాఠకులు తలపోసినారు. అది తనది కాదని రవీంద్రుడు చెప్పవలసివచ్చినది. చివరి భాగంతో పేరు వెల్లడియైనది. కాని ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు అరుదు. పేరు చూచి గ్రంథాన్ని మెచ్చుట లోకసహజం. ఇక్కడ గ్రంథాన్ని మెచ్చిన పిదప పాఠకులు పేరును వెదకుకొన్నారు.

అన్ని పూచీలూ ఇట్లు చెల్లలేదు. 1912లో రంగూనులో ఇల్లు కాలిపోయినప్పుడు ‘చరిత్రహీన్’ వ్రాతప్రతి భస్మమైనది. శరచ్చంద్రుడు దానిని మరల వ్రాసినాడు. మిత్రుడు ప్రమథనాథ భట్టాచార్యుడు ఆ నవలను అప్పుడే వెలువడనున్న ‘భారతవర్ష’ కొరకు కోరి తెప్పించుకొన్నాడు. వసతిగృహంలో పనిచేసే దాసి సావిత్రి అందులో ప్రధానపాత్ర. ఇటువంటి కథ గృహస్థుల పత్రికకు తగదని తిరస్కారం ఎదురైనది. శరచ్చంద్రుడు టాల్‌స్టాయి ‘పునరుత్థానా’న్ని ఉదాహరించి మిత్రునికి లేఖ వ్రాసినాడు, ఫలితం లేకపోయినది. ఆ నవలకు చోటిచ్చినది ఫణీంద్రనాథ పాలుని చిన్నపత్రిక ‘యమున’. 1913లో ‘బడదీదీ’ని పుస్తకంగా ప్రచురించినవాడూ ఆయనయే. 1917లో ‘చరిత్రహీన్’ గ్రంథరూపం పొందినది. పెద్దపత్రికకు లోకాపవాద భయం ఉన్నది. పోగొట్టుకొనుటకు ఎక్కువ లేని చిన్నపత్రిక ఆ భారాన్ని తలకెత్తుకొన్నది.

ప్రమథనాథుడు ఓడిపోయినాడనుట సులభం. అయినను అతడు అడగకపోయినచో ఆ వ్రాతప్రతి రంగూను దాటుటకు ఇంకెంతకాలం పట్టేదో! మెచ్చినవాని మాట వెంటనే నెగ్గకపోవచ్చును. అది గ్రంథాన్ని ఒక చేతినుండి మరొక చేతికి కదలించిన చాలును.

శరచ్చంద్రుడు తెలుగువారి ఇండ్లకు వచ్చినదీ ఈ దారినే. మదనపల్లెలో క్షయరోగ చికిత్స పొందుతూ వంగభాష నేర్చిన చక్రపాణి, తాను మెచ్చిన ఆ నవలలను తెలిగించినాడు. 1961లో వచ్చిన ‘బాటసారి’ చిత్రానికి ఆ ‘బడదీదీ’యే ఆధారం. శరత్ బాబు వంగీయుడన్న సంగతినే మరచి చదివిన తెలుగు పాఠకులు ఎందరో ఉన్నారు. ఎవరు మొదట ఆ పుస్తకం తమ చేతికిచ్చినారో మాత్రం వారిలో చాలమందికి జ్ఞాపకముండును.