రేవులో భాషా పరీక్ష

విదేశంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనగానే ఇవాళ మనవాళ్లను ముందుగా బెదిరించేది భాష. జర్మనీలో నర్సుగా చేరాలంటే సాధారణంగా బి2 స్థాయి జర్మన్ రావాలి; ఆస్ట్రేలియాలో చేరాలంటే ఓఈటీ, ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చేతిలో పని ఉండి కూడా మాట తడబడినవాళ్లు లోపమంతా తమలోనే ఉందనుకుని కుంగిపోతారు. కానీ వలస వచ్చినవాణ్ణి భాష అడగడం ఎక్కడ మొదలైందో, ఎవరిని అడిగారో, ఎవరిని అడగకుండా వదిలేశారో చూస్తే, ఆ పరీక్షకూ చేయబోయే పనికీ చాలాకాలం సంబంధమే లేదని తేలుతుంది. అడిగేవాళ్ల అవసరమూ వాళ్ల భయమూ కలిసి దాన్ని నడిపించాయి.

మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అక్కడి బ్రిటిష్ వలస రాజ్యమైన నేటాల్ చెరకు తోటలకు భారతీయ ఒప్పంద కూలీలను దింపిన మొదటి ఓడ అదే. 1911లో ఆ వలస ఆగేలోపు లక్షన్నర మందికి పైగా అక్కడికి వెళ్లారు. గంజాం, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వారిలో చాలామంది. ఇంగ్లీషు వచ్చా అని వాళ్లనెవరూ అడగలేదు. 1883 నాటి భారత వలస చట్టం కింద అధికారి కూలీని ప్రశ్నించాల్సిన మాట నిజమే. అయితే ఆ ప్రశ్నలు వేరు: ఒప్పందంలో ఏముందో తెలిసిందా, ఇష్టపడే వెళుతున్నావా అన్నవి. కూలీకి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత, కనీసం కాగితం మీద, తీసుకెళ్లేవాళ్లదే. బర్మా దారి ఇంకొకటి. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ తెలుగు కూలీలకు బదులు మేస్త్రీ మాట్లాడేవాడు. అడ్వాన్సు ఇచ్చి ఊళ్ల నుంచి తీసుకెళ్లేదీ అతనే. కండబలం కావలసినంతకాలం భాష ఎవరికీ అడ్డు కాలేదు.

అదే నేటాల్ 1897లో వలస నిరోధక చట్టం తెచ్చింది. కొత్తగా వచ్చే మనిషి ఏదో ఒక యూరప్ భాషా లిపిలో దరఖాస్తు రాసి చూపాలన్నది అందులోని షరతు. ఒప్పంద కూలీలకు మాత్రం ఇది వర్తించదు. సొంత ఖర్చుతో వచ్చి అంగళ్లు తెరిచి తెల్ల వర్తకులకు పోటీ అయిన భారతీయులను ఆపడమే దాని పని. అంటే చెరకు నరికేవాడికి చదువు అక్కరలేదు, సరుకు అమ్మేవాడికి కావాలి అన్నమాట. జాతి పేరు చట్టంలో రాస్తే భారతీయ ప్రజలను అవమానించినట్టవుతుందని బ్రిటిష్ వలస రాజ్యాల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్ ఆ ఏడాదే వలస రాజ్యాల ప్రధానులకు చెప్పి, నేటాల్ పద్ధతిని ఆదర్శంగా చూపించాడు. 1901లో ఆస్ట్రేలియా దాన్ని మరింత కఠినం చేసింది: యూరప్ భాషలో అధికారి చదివే 50 మాటల భాగాన్ని తప్పు లేకుండా రాయాలి, ఆ భాష ఏదో అధికారే నిర్ణయిస్తాడు. 1934లో అనేక భాషలు తెలిసిన చెక్ పాత్రికేయుడు ఎగాన్ కిష్‌కు స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. అది చట్టం చెప్పిన యూరప్ భాష కాదని ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చింది. ఆ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉండనే ఉంది.

రోగి నొప్పి ఎక్కడో చెబుతుంటే అర్థం కాని నర్సును ఎలా తీసుకుంటారని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. భాషతో నిమిత్తం లేకుండా జరగని పనులున్నాయి, వాటికి భాష చూడాల్సిందే. అయితే పాత పరీక్షలో రాసేవాడు ఏ పని చేస్తాడన్నది ఎవరికీ పట్టలేదు. 1980లలో అదే ఆస్ట్రేలియాలో వైద్య వృత్తులవారి కోసం రూపొందిన ఓఈటీ తీరు వేరు. రోగితో నర్సు మాట్లాడే సందర్భాన్నే కల్పించి చూస్తుంది. భాష ఏదో, దేన్ని కొలుస్తారో అభ్యర్థికి ముందే తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే తాపీ మేస్త్రీకీ వెల్డర్‌కూ ట్రేడ్ టెస్ట్ పెట్టి చేతిపనినే చూస్తారు. పనిని బట్టి పరీక్ష ఉండవచ్చని ఈ రెండూ చెబుతున్నాయి.

భాష రానివాడు పరాయిచోట మోసపోతాడు, కాబట్టి పరీక్ష అతని మేలుకే అన్న వాదన కూడా ఉంది. భాష తెలిస్తే మేలన్నది కాదనలేం. కానీ నేటాల్ కూలీని కట్టిపడేసింది ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కాదు. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జైలులో పెట్టే చట్టం కూడా. భాషా పరీక్ష అలాంటి చట్టాన్ని మార్చదు. రక్షణే ఉద్దేశమైతే ఒప్పందం అతని భాషలో ఉండాలి, ఫిర్యాదు అతని భాషలో తీసుకోవాలి, పని మాటలు నేర్పే ఖర్చులో యజమాని పాలు పంచుకోవాలి. భాష నేర్వమని మన పిల్లలను తప్పక ప్రోత్సహించాలి. దాంతోపాటు, ఈ పనికి ఈ స్థాయి ఎందుకని తిరిగి అడిగే హక్కు తమకుందనీ వాళ్లకు చెప్పాలి. దానికి సూటిగా జవాబు చెప్పగలిగిన యజమానికే ఆ పరీక్ష పెట్టే అర్హత ఉంది.