గణపేశ్వరుడి ముందు కర్పూరం

శివరాత్రి నాడు మా కూసుమంచి గణపేశ్వరాలయం దగ్గర తెల్లవారకముందే వరుస కడతారు. అటు సూర్యాపేట నుంచి, ఇటు ఖమ్మం నుంచి జనం దిగుతూనే ఉంటారు. గుడి కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిదనీ, ఆయన పేరే స్వామికి వచ్చిందనీ మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అంత పెద్ద లింగం ముందు హారతి వెలిగినప్పుడల్లా నాకు సముద్రం గుర్తొస్తుంది.

గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు ఓడ ఒడ్డున పడితే అందులోని సరుకంతా పాలకులు గుంజుకునేవారు. ఇకమీదట ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏమీ ముట్టుకోనని ఆయన మాట ఇచ్చాడు. రాతి మీద చెక్కించిన సరుకుల పేర్లలో చందనం, ముత్యాలు, కర్పూరం ఉన్నాయి.

ఇప్పుడు కొట్లో దొరికే బిళ్ళలు చాలావరకు ఫ్యాక్టరీలో చేసినవే. ఆనాటి మేలైన కర్పూరం సుమత్రా అడవుల్లో, మహావృక్షాల మాను చీల్చితే లోపల గడ్డకట్టి దొరికేది. దానికి పేరుమోసిన రేవు బారుస్. అక్కడి కర్పూరం బంగారంతో సమానంగా తూగుతుందని మార్కోపోలో రాశాడు. 1292 ప్రాంతంలో సుమత్రాలో ఐదు నెలలు ఆగిన ఆ మనిషే తర్వాత మోటుపల్లి గురించీ రాశాడు. ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణిని మెచ్చుకున్నాడు. కాకపోతే గణపతిదేవుడి కూతురు రుద్రమదేవిని ఆయన భార్య అనుకున్నాడు.

అదే సుమత్రా ఉత్తర తీరాన అప్పుడే సముద్ర పాసై సుల్తాను రాజ్యం నిలదొక్కుకుంటోంది. తొలి సుల్తాన్ మలిక్ అల్ సాలిహ్ సమాధి రాయి మీద ఉన్న సంవత్సరం మన లెక్కలో 1297. రాజ్యం పేరులోని సముద్రం మన మాటే! పదిహేనో శతాబ్దంలో ఎదుటి తీరాన మలక్కా సుల్తానులు వర్తకుల కోసం రేవు అధికారులను పెట్టి, సుంకాలు నిర్ణయించి, గణపతిదేవుడి దారినే నడిచారు. మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళను అక్కడ కెలింగ్ అనేవారు. కళింగం అన్న మాటలోంచి వచ్చిందది. 1511లో పోర్చుగీసువాళ్ళు మలక్కాను పట్టుకున్నాక, ముస్లిం వర్తకులు చాలామంది సుమత్రాలోని ఆచే రేవుకు మళ్ళారు.

అప్పటికి మా సీమలో కాకతీయులు పోయి దాదాపు రెండు వందల ఏళ్ళయింది. తర్వాత గోల్కొండ ఏలుబడి వచ్చింది. మచిలీపట్నం నుంచి ఆచేకు మన బట్టలు వెళ్ళేవి. అటునుంచి మిరియాలు, తగరం వచ్చేవి. మా పక్కనున్న నేలకొండపల్లి గోపన్న, మనందరి రామదాసు, గోల్కొండ చెరలో మగ్గుతున్న రోజుల్లో ఆచే గద్దె మీద ఉన్నది ఆడవాళ్ళే. 1641లో ఇస్కందర్ ముదా కూతురు సఫియతుద్దీన్ భర్త పోయాక గద్దెనెక్కి, 1675లో కన్నుమూసేదాకా ఏలింది. ఆమె తర్వాత మరో ముగ్గురు రాణులు వరసగా ఏలారు. ఆడది ఏలడం మతానికి సమ్మతం కాదంటూ 1699లో చివరి రాణిని దించేశారు.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నా మనసు రుద్రమ వైపు పోతుంది. ఆమెను ఎవరూ గద్దె దించలేకపోయారు. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో పోయిందంటారు. మా ఊరికి పడమరగా, నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు అక్కడి దేవుడికి భూమి ధారపోశాడు. రాణి మరణించిన ఏడు మనకు తెలిసింది ఆ బంటు వేయించిన రాయి వల్లే.